మెర్విన్‌కు అనువాదం ఏమిచ్చింది?

ప్రశ్న: అమెరికన్ కవి డబ్ల్యు.ఎస్. మెర్విన్ ఎన్నో భాషల కవిత్వాన్ని ఇంగ్లీషులోకి తెచ్చారని, వాటిలో కొన్ని ఆయనకు రాని భాషలని విన్నాను. ఇన్ని అనువాదాల వల్ల ఆయన సొంత కవిత్వం దెబ్బతినలేదా? రాని భాషనుంచి చేసిన అనువాదాన్ని నమ్మవచ్చునా?

జవాబు: దెబ్బతినలేదు సరికదా, ఆయన కవిత్వం నిలదొక్కుకున్నదే అనువాదం వల్ల అని నా దృఢమైన అభిప్రాయం. 1927లో న్యూయార్క్‌లో పుట్టిన మెర్విన్, ప్రిన్స్‌టన్‌లో చదువుకునే రోజుల్లో, వాషింగ్టన్‌లోని సెయింట్ ఎలిజబెత్స్ ఆసుపత్రిలో నిర్బంధంలో ఉన్న అమెరికన్ కవి ఎజ్రా పౌండ్‌ను వెళ్లి కలిశారు. కవి కావాలంటే రోజూ రాయాలని, అయితే ఆ వయసులో రాయడానికి తగినంత సరుకు ఉండదు కనుక భాషలు నేర్చుకుని అనువాదం చేయమని పౌండ్ చెప్పిన సలహాను ఆయన తర్వాతి కాలంలో పలుమార్లు గుర్తు చేసుకున్నారు. ఆ సలహాను మెర్విన్ అక్షరాలా పాటించారు. స్పెయిన్‌కు చెందిన మయోర్కా దీవిలో ఇంగ్లీషు కవి రాబర్ట్ గ్రేవ్స్ కుమారుడికి చదువు చెప్పి, లండన్ చేరాక బీబీసీకి ఫ్రెంచి, స్పానిష్ రచనలను అనువదిస్తూ బతుకు వెళ్లదీశారు.

1952లో కవి డబ్ల్యు.హెచ్. ఆడెన్ ఎంపికతో, కొత్త కవుల తొలి పుస్తకాలను అచ్చువేసే యేల్ విశ్వవిద్యాలయపు యువకవుల మాలలో వెలువడిన తొలి సంపుటి 'ఎ మాస్క్ ఫర్ జేనస్'లో పాత ఛందోరూపాల మీద పట్టు కనిపిస్తుంది కాని, ఆయనదే అనిపించే గొంతు ఇంకా తక్కువే. స్పానిష్ 'సిద్', ఫ్రెంచి 'రోలాండ్' వంటి మధ్యయుగ వీరగాథలను అనువదించిన తర్వాత, 1967 నాటి 'ది లైస్' సంపుటికి వచ్చేసరికి విరామచిహ్నాలు పూర్తిగా పోయాయి; ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో పదాల అమరికే చెబుతుంది. నోటితో పాడిన గాథలతో, ఆధునిక స్పానిష్ కవితలతో ఏళ్ల తరబడి చేసిన సావాసం ఈ మార్పు వెనుక ఉన్నదని నేను నమ్ముతున్నాను. 1971లోను, 2009లోను ఆయనకు వచ్చిన పులిట్జర్ బహుమతులు రెండూ ఈ విరామచిహ్నాలు లేని కవిత్వానికే వచ్చాయి.

ఇక రాని భాషల సంగతి. ఉర్దూ కవి గాలిబ్ గజళ్లకు విమర్శకుడు ఎజాజ్ అహ్మద్, రష్యన్ కవి మాండెల్‌స్టామ్ కవితలకు క్లారెన్స్ బ్రౌన్ తోడు నిలిచారు. ఎజాజ్ అహ్మద్ మాటకు మాటగా అర్థాన్నీ వివరణలనూ రాసి ఇస్తే, మెర్విన్, ఏడ్రియన్ రిచ్ మొదలైన కవులు వాటి ఆధారంగా కవితలు కట్టారు. వాటిని మంచి ఇంగ్లీషు కవితలుగా నమ్మవచ్చును. మూలానికి సాక్ష్యంగా మాత్రం నమ్మకూడదు. గజల్‌కు ప్రాణమైన రదీఫ్ (ద్విపదల చివర మళ్లీ మళ్లీ వచ్చే మాట), కాఫియా (దానికి ముందు వచ్చే ప్రాస)ల నాదం వాటిలో వినిపించదు. ఆ గాలిబ్ పుస్తకంలో కవుల పాఠాలతో పాటు ఎజాజ్ అహ్మద్ ఇచ్చిన అర్థాలను కూడా అచ్చువేశారు. సహాయకుడి శ్రమను దాచని ఆ నిజాయితీని నేను ఎంతో గౌరవిస్తాను.

ప్రశ్న: మెర్విన్‌ను ఎక్కడ మొదలుపెట్టి చదవాలి?

జవాబు: ఆయనకు బాగా వచ్చిన స్పానిష్ నుంచి 1969లో తెచ్చిన, చిలీ కవి నెరూడా ఇరవై ప్రేమకవితలతో మొదలుపెట్టండి. ఆ వెంటనే 'ది లైస్' చదివితే, వియత్నాం యుద్ధకాలపు ఆవేదన అంత తక్కువ మాటల్లో ఎలా ఇమిడిందో తెలుస్తుంది. నరకం, ప్రక్షాళన లోకం, స్వర్గం అనే మూడు లోకాల గుండా సాగే ఇటాలియన్ కవి డాంటే కావ్యంలో రెండో భాగమైన 'పర్గటోరియో'ను చివరికి ఉంచుకోండి. 2000లో వెలువడిన ఆ అనువాదానికి ముందుమాటను మాత్రం వదలకండి: డాంటే మూడు లోకాలలో, మన జీవితాల లాగే ఈ భూమి మీద జరిగేది 'పర్గటోరియో' ఒక్కటేనని మెర్విన్ అందులో వివరిస్తారు.