ఫిక్స్‌డ్ గేర్ సైకిల్ చైన్ ఊడిపోతోంటే

మీ ఫిక్స్‌డ్ గేర్ సైకిల్‌కి కొత్త చైన్ వేశాక కూడా అది వదులై, రెండుసార్లు ఊడిందని, ఏం చేయాలని అడిగారు. చైన్ సరిచేసేదాకా ఆ సైకిల్ రోడ్డెక్కించకండి. ఫిక్స్‌డ్‌లో వెనక చక్రం తిరిగినంతసేపూ పెడల్ కూడా తిరుగుతూనే ఉంటుంది, ఆగదు కాబట్టి ఊడిన చైన్ చక్రంలో ఇరుక్కుంటే వెనక చక్రం ఠక్కున బిగుసుకుపోతుంది.

ముందు చైన్, పళ్ల వెడల్పు చూడండి. మీ పళ్లచక్రాలు 1/8 అంగుళంవైతే 3/32 చైన్ సరిగ్గా కూర్చోదు. 3/32 పళ్లమీద 1/8 చైన్ మాత్రం నడుస్తుంది. మన మామూలు సైకిళ్లకు వాడేది 1/8 చైనే, ఏ సైకిల్ షాపులోనైనా అడగండి.

వెనక నట్లు వదులు చేసి చక్రాన్ని వెనక్కి లాగి, చైన్ మధ్యలో పైకీ కిందికీ అర అంగుళం ఆడేలా బిగించండి. పెడల్ తిప్పుతూ అన్నిచోట్లా చూడాలి, ఎందుకంటే ముందు పళ్లచక్రం సరిగ్గా మధ్యలో కూర్చోకపోతే ఒకచోట బిగుతు, ఇంకోచోట వదులు వస్తుంది. బిగుతైన చోటే కొలత తీసుకోండి. నేను మొదట్లో వదులు చోట చూసి బిగించి, బేరింగులు పాడుచేసుకున్నాను!

చైన్ రెండు కొసల్నీ కలిపే లింకు క్లిప్పుతో ఉండేదైతే, ఆ క్లిప్పు మూసిన కొస చైన్ కదిలే వైపే ఉండాలి. పాత చైన్‌ మళ్లీ వేసే ఆలోచనుంటే స్కేలుతో కొలవండి: ఒక పిన్ను నుంచి దాని తర్వాత 24వ పిన్ను దాకా 12 అంగుళాలుండాలి, అది 1/16 అంగుళం పెరిగితే మార్చేయడమే.