ఆ పాట ఆమెకు ఏం గుర్తు చేస్తోంది?

ప్రశ్న: నాకూ నా భార్యకూ 'అబ్బా' అనే స్వీడన్ పాప్ బృందం పాటలంటే ప్రాణం. కాలేజీ రోజుల్లో ఒకే క్యాసెట్‌ను మార్చుకుని వింటూ దగ్గరయ్యాం. పెళ్ళయి ఇరవై ఆరేళ్ళయింది. పిల్లలు పుట్టినా, ఇల్లు మారినా మా వెంట ఆ పాటలే ఉన్నాయి. రెండేళ్ళ క్రితం మా అత్తగారు ఆరు నెలలు మా ఇంట్లోనే మంచం పట్టి కన్నుమూశారు. ఇల్లు బరువెక్కకూడదని ఆ రోజుల్లో కూడా సాయంత్రాలు ఆ పాటలే పెట్టేవాణ్ణి. ఆవిడ పోయినప్పటి నుంచి నా భార్య వాటిని వినడం లేదు. ఎందుకని అడిగితే "ఇప్పుడు వద్దు" అంటుంది. మొన్న పెళ్ళిరోజున పెడితే లేచి వెళ్ళిపోయింది. మా గతమే ఆమెకు అక్కర్లేకుండా పోయిందా?

జవాబు: మీ ఉత్తరంలో మీరు మామూలుగా రాసి దాటిపోయిన ఒక వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఆ ఆరు నెలల సాయంత్రాల్లో పాటలు పెట్టింది మీరు. అదే సమయంలో పక్క గదిలో తల్లికి మందులు పట్టిస్తూ, పక్క మారుస్తూ వాటిని విన్నది ఆమె. మీ మనసులో ఆ పాటల పక్కన కాలేజీ రోజులు ఉన్నాయి. ఆమె మనసులో ఆ రోజులు చెరిగిపోయి ఉండవు గానీ, వాటి మీద తల్లి చివరి రోజులు వచ్చి కూర్చున్నాయని నాకు అనిపిస్తోంది.

పాటకూ జ్ఞాపకానికీ ఉన్న ముడి ఎంత గట్టిదో పరిశోధకులు చూపించారు. యౌవనంలో విన్న పాటలు వినిపించినప్పుడు, మన సొంత జీవితపు జ్ఞాపకాలతో సంబంధమున్న మెదడు ముందరి మధ్యభాగం చురుకవుతుందని పెటర్ జనాటా 2009లో ప్రచురించిన అధ్యయనంలో చూపించారు. ఇటువంటి జ్ఞాపకం మనం పిలిస్తే వచ్చేది కాదు, పాట మొదలవగానే దానంతటదే వచ్చేస్తుంది. అందువల్ల పెళ్ళిరోజున ఆమె లేచి వెళ్ళడాన్ని మీ పట్ల తిరస్కారంగా తీసుకోవద్దని మనస్ఫూర్తిగా కోరుతున్నాను. నలుగురి ముందు కన్నీళ్ళు ఆపుకోలేనని భయపడి ఆమె వెళ్ళిపోయి ఉండవచ్చు.

అయినా మీ బాధను నేను చిన్నది చేయడం లేదు. ఇద్దరూ కలిసి పెంచుకున్న ఇష్టంలోంచి ఒకరు తప్పుకుంటే, రెండోవారికి ఇంట్లో ఒంటరితనం తెలుస్తుంది. కానీ ఇన్నేళ్ళలో మీకు తెలియకుండానే మీరు ఆ పాటలను మీ దాంపత్యానికి సాక్ష్యంగా నిలబెట్టుకున్నారు. అందుకే ఆమె పాట వద్దంటే మీకు పెళ్ళే వద్దన్నట్టు వినబడుతోంది. మీరు ప్రేమించే ఆ బృందాన్నే చూడండి. అందులోని నలుగురూ రెండు జంటలు. 1981 నాటికి రెండు జంటలూ విడిపోయాయి. అయినా దాదాపు నలభై ఏళ్ళ తర్వాత, 2021లో నలుగురూ కలిసి కొత్త ఆల్బమ్ తెచ్చారు. పాటలు నిలిచాయి, పెళ్ళిళ్ళు నిలవలేదు. మీ ఇంట్లో జరిగింది ఇందుకు తలకిందులు: పాటలు ఆగాయి, మీరిద్దరూ కలిసే ఉన్నారు. ఆ తేడాను మీరు ఒకసారి నిదానంగా చూసుకోవాలి.

కొన్నాళ్ళు మీ పాటలు మీరు హెడ్‌ఫోన్లలో వినండి. ఆమె ముందు వినడం మానేసినట్టు త్యాగం ప్రదర్శించవద్దు, చాటుగా వింటున్నట్టూ ఉండవద్దు, మామూలుగా వినండి. "ఎందుకు వినవు?" అని అడిగితే ఆమె సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది, అందుకే ఆమె "ఇప్పుడు వద్దు" దగ్గర ఆగిపోతుంది. దానికి బదులు, తీరిక దొరికిన ఒక సాయంత్రం, "అమ్మ ఉన్న రోజుల్లో నేను పాటలు పెడుతుంటే నీకు ఎలా ఉండేది? అప్పుడు నేను అడగలేదు" అనండి. ఆ రెండో మాట ముఖ్యం, ఎందుకంటే అందులో మీ పొరపాటును మీరు ఒప్పుకుంటున్నారు. అది పెద్ద తప్పేమీ కాదు, మంచి ఉద్దేశంతో చేసిందే. అయినా ఆమె మౌనంగా ఉండాలనుకున్న గంటల్లోకి కూడా పాట వచ్చి ఉంటుంది.

అన్ని పాటలూ ఒకేలా బాధపెట్టకపోవచ్చు. ఏవో రెండు మూడు మాత్రమే ఆ గదికి తీసుకెళ్ళుతుంటే, మిగిలినవి ఆమె తనంతట తానే మళ్ళీ వినవచ్చు. వినకపోయినా, ఇద్దరికీ పాత జ్ఞాపకాలేవీ లేని కొత్త సంగీతాన్ని కలిసి వెతుక్కోండి. దంపతులు కొత్త పనులు కలిసి చేసినప్పుడు బంధంపై తృప్తి పెరుగుతుందని ఆర్థర్ ఆరన్ బృందం 2000లో ప్రచురించిన ప్రయోగాల్లో గమనించింది.

మరొకటి కూడా గమనించండి. పాటలతో పాటు నిద్ర, తిండి, పని, మనుషులతో మాటలు కూడా ఆమెకు దూరమవుతున్నాయా? అలాగైతే ఇది దీర్ఘకాలం తగ్గని శోకం కావచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమలు చేస్తున్న వ్యాధుల వర్గీకరణలో దానికి ప్రత్యేక స్థానం ఉంది, చికిత్సా ఉంది. మానసిక వైద్యుల దగ్గరికి ఆమెను ఒక్కదాన్నే పంపకుండా మీరూ వెంట వెళ్ళండి.

ముందు ఆ సాయంత్రం సంగతి చూడండి. ఆమె తల్లి గురించి మాట్లాడడం మొదలుపెడితే, ఎంతసేపైనా సరే, మధ్యలో ఓదార్చడానికి తొందరపడకుండా వినండి. ఆ రోజు ఏ పాటా పెట్టకండి.