ఆట అయిపోయాక కోచ్ అయిపోతానంటున్నాడు, నమ్మొచ్చా?

ప్రశ్న: మేం ఫిన్లాండ్‌లోని ఔలులో ఉంటాం. నేనూ, మా ఆవిడా ఇద్దరం సాఫ్ట్‌వేర్‌లోనే. అబ్బాయి తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. వచ్చే ఏడాది స్పోర్ట్స్ లుకియోలో, అంటే ఆటలకు ప్రాధాన్యం ఇచ్చే ఇంటర్ స్థాయి బడిలో చేరి వాలీబాల్ ఆడతానంటున్నాడు. ఫిన్లాండ్ ఆటగాడు, ఆ తర్వాత కోచ్ అయిన ‘సమ్మెల్వువో లాగా ముందు ఆడతా, తర్వాత కోచ్ అవుతా’ అంటాడు. మేమేమో మామూలు లుకియోలో మ్యాథ్స్ చదివించి, ఏఐలో డిగ్రీ చేయించాలనుకున్నాం. ఊళ్లో వాళ్లకు ఏం చెప్పాలో తెలియడం లేదు. రెండు దారులనూ పోల్చి చెప్పగలరా?

జవాబు: ఆట పేరు మారుతుంది, దేశం మారుతుంది, ఈ ప్రశ్న మాత్రం నాకు వస్తూనే ఉంటుంది. ‘ఇంత దూరం వచ్చి, ఇంత కష్టపడింది పిల్లాడు బంతి ఆడుకోవడానికా’ అన్న దిగులు మీ ఉత్తరంలోనూ కనిపిస్తోంది. ముందు దాని సంగతి చూద్దాం.

మీరు ఇంటర్ చదివిన రోజుల్లో గ్రూపు తప్పు తీసుకుంటే జీవితం తప్పిపోయినట్టే లెక్క. ఎంపీసీ వదిలేస్తే ఇంజినీరింగ్ ఉండదు. ఆ భయమే మీలో ఇంకా ఉంది. మీరిప్పుడున్న చోట లెక్క వేరు. స్పోర్ట్స్ లుకియో పిల్లలు కూడా చివర్లో రాసేది అందరూ రాసే మెట్రిక్యులేషన్ పరీక్షే. లాంగ్ మ్యాథ్స్, అంటే ఎక్కువ స్థాయి లెక్కల సిలబస్, అక్కడా తీసుకోవచ్చు. పొద్దున పూట శిక్షణ చదువులో భాగంగానే లెక్కలోకి వస్తుంది. మూడేళ్లలో పూర్తి చేయలేకపోతే నాలుగో ఏడాదీ తీసుకోవచ్చు, దాన్ని అక్కడ ఎవరూ ఫెయిల్ అనుకోరు. అబ్బాయి పంతొమ్మిదో ఏట ఆట మానేసి కంప్యూటర్ సైన్స్ చదువుతానన్నా దారి తెరిచే ఉంటుంది. మీ టెన్షన్‌లో సగం ఇక్కడే తగ్గాలి.

ఇక సమ్మెల్వువో. మీవాడు ఎంచుకున్న పేరు మంచిదే, కానీ కథంతా వాడికి తెలుసో లేదో చూడండి. తుయోమాస్ సమ్మెల్వువో 1976లో పుట్టింది మీకు దగ్గర్లోని పుడాస్‌యార్విలో. ఐస్ హాకీ తప్ప ఇంకోటి కనపడని, యాభై అయిదు లక్షల జనాభా ఉన్న దేశం నుంచి వచ్చి ఇటలీ, రష్యా క్లబ్బుల్లో అవుట్‌సైడ్ హిట్టర్‌గా, అంటే నెట్ పక్క నుంచి బంతిని బలంగా కొట్టే ఆటగాడిగా ఆడారు. సొంత దేశపు లీగ్‌లో వచ్చే డబ్బుతో గడవడం కష్టం కాబట్టి మంచి ఆటగాళ్లు బయటికి పోక తప్పదు. 2007లో ఫిన్లాండ్ యూరోపియన్ ఛాంపియన్‌షిప్‌లో నాలుగో స్థానంలో నిలిచినప్పుడు ఆ జట్టులో ఆయన ఉన్నారు. తర్వాత అదే జాతీయ జట్టుకు కోచ్ అయి 2014 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో తొమ్మిదో స్థానం తెచ్చారు. 2019లో కుజ్‌బాస్ కెమెరోవో క్లబ్‌ను రష్యా ఛాంపియన్‌గా నిలబెట్టారు. అదే ఏడాది రష్యా జాతీయ జట్టుతో నేషన్స్ లీగ్ గెలిచారు. టోక్యో ఒలింపిక్స్ ఫైనల్లో ఆయన జట్టు ఫ్రాన్స్ చేతిలో అయిదు సెట్ల దాకా పోరాడి ఓడి, రజతం తీసుకుంది.

మీవాడికి తెలిసింది బహుశా ఇక్కడిదాకే. 2022లో ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలయ్యాక ఆయన రష్యా జట్టు పదవి వదులుకున్నారు. పోలండ్‌లో జాక్సా క్లబ్‌కు వెళ్లి, 2023లో ఛాంపియన్స్ లీగ్ గెలిపించారు. యూరప్‌లో ఒక క్లబ్ కోచ్ గెలవగలిగిన అతి పెద్ద కప్పు అది. మరుసటి సీజన్ సగంలోనే ఆ క్లబ్ నుంచి బయటికి రావాల్సి వచ్చింది. ఈ వృత్తిలో కాంట్రాక్టు అంటే అంతే. ఇల్లు, ఊరు, భాష అన్నీ మళ్లీ మొదలు. శిఖరం మీదున్న మనిషి పరిస్థితే ఇదైతే కింద ఉన్నవాళ్ల సంగతి అబ్బాయే ఆలోచించాలి. భయపెట్టడానికి కాదు, తెలిసి దిగాలని చెప్పండి.

ఇంకో మాట కూడా వాడికి చెప్పాలి. కోచింగ్ అనేది ఆటకు వచ్చే పెన్షన్ కాదు. అది వేరే పని. ఎదుటి జట్టు సెట్టర్, అంటే కొట్టేవాళ్లకు బంతిని ఎత్తి ఇచ్చే ఆటగాడు, ఏ పాస్‌కు బంతిని ఎటు పంపుతున్నాడో వీడియోలో గంటలు గంటలు చూసి రాసుకోవాలి. అలిగి కూర్చున్న ఆటగాడితో మాట్లాడగలగాలి. వాడికి ఆ రుచి ఉందో లేదో ఇప్పుడే తెలుసుకోవచ్చు. క్లబ్‌లో చిన్నపిల్లల గ్రూపుకు శిక్షణ ఇచ్చేటప్పుడు సాయం చేస్తానని అడగమనండి. రుచి ఉంటే యువాస్క్యులా యూనివర్సిటీలో క్రీడా శాస్త్రాల ఫ్యాకల్టీ ఉంది, ఆ దేశంలో అలాంటిది అదొక్కటే. వ్యాయామ ఉపాధ్యాయులు తయారయ్యేదీ అక్కడే. అది మాస్టర్స్ స్థాయి చదువు, సీటు అంత తేలిగ్గా రాదు, ఉద్యోగానికి గౌరవం ఉంది. కోచ్ కావాలనుకునే ప్రతివాడూ ఒలింపిక్స్‌కు వెళ్లాల్సిన పని లేదు.

ఇప్పుడు మీ దారి. ఏఐలో డిగ్రీ అన్నారు. పదిహేనేళ్ల పిల్లాడికి ఆ మాట మీరెందుకు ఎంచారో నాకు చెప్పలేదు. గణితం ఇష్టమని రాయలేదు, ప్రోగ్రామింగ్ చేస్తాడని రాయలేదు. అందరూ చేస్తున్నారు కాబట్టి అన్నట్టుంది. కోర్సు పేరులో ఏఐ ఉన్నంత మాత్రాన అది భద్రమైన దారి అని నేను ఒప్పుకోను. వాడు డిగ్రీ చేతికి తీసుకునేసరికి, ఈరోజు కొత్తగా చేరిన ఇంజినీర్లు చేస్తున్న పనిలో ఎంత మిగులుతుందో నేను గానీ మీరు గానీ హామీ ఇవ్వలేం. ఈ మాట మీకు నేను చెప్పాల్సిన పని లేదు, మీ ఊరే చెబుతుంది. నోకియా ఫోన్ల వ్యాపారం 2014లో మైక్రోసాఫ్ట్ చేతికి వెళ్లింది. అదే ఏడాది ఔలులోని ఆ విభాగాన్ని మూసేస్తున్నట్టు ప్రకటించారు. అక్కడ పనిచేసినవాళ్లందరూ బాగా చదివినవాళ్లే, ‘సేఫ్’ ఉద్యోగం చేసినవాళ్లే. తర్వాత నిలదొక్కుకున్నవాళ్లు పునాది గట్టిగా ఉండి, కొత్తది నేర్చుకోగలిగినవాళ్లు. గణితం, భౌతికశాస్త్రం, ఫిన్నిష్‌లో చక్కగా రాయగలగడం, ఇవే ఆ పునాది. వీటి గురించి పట్టుబట్టండి, నేను మీ పక్కనే ఉంటాను. కోర్సు పేరు కోసం పట్టుబడితే ఉండను.

కొంచెం కటువుగా అంటున్నాను, ఏమీ అనుకోకండి. అబ్బాయి ఏ పొజిషన్‌లో ఆడతాడో మీ ఉత్తరంలో లేదు. ఎత్తెంతో లేదు, కోచ్ ఏమంటున్నారో లేదు. ఊళ్లో వాళ్లు ఏమంటున్నారో మాత్రం ఉంది. వాడి మ్యాచ్ చివరిసారి ఎప్పుడు చూశారండీ? వాడు ఆ దేశంలో, ఆ భాషలో తనకంటూ స్నేహితులను, ఒక జట్టును సంపాదించుకున్నాడు. పరాయి దేశంలో పెరిగే పిల్లాడికి అది చిన్న విషయం కాదు. దాన్ని ఫోన్‌లో అడిగే బంధువుల కోసం తెంపేయకండి. ఎవరైనా అడిగితే ‘లుకియో చదువుతున్నాడు, వాలీబాల్ కూడా ఆడుతున్నాడు’ అని చెప్పండి. అది నిజమే కదా.

పోలిక అడిగారు, దానికి నా జవాబు ఇది: స్పోర్ట్స్ లుకియోలో లాంగ్ మ్యాథ్స్‌తో చేరితే రెండు దారులూ మిగులుతాయి. మామూలు లుకియోలో చేరిస్తే ఆట దారి చాలావరకు మూసుకుపోతుంది, చదువు దారికి అదనంగా వచ్చేది తక్కువ. మార్కులు ఒక స్థాయి కంటే తగ్గకూడదని ముందే మాట్లాడుకోండి. వాడి సగటు, ఆట పాయింట్లు రెండూ చూసి సీటిస్తారు కాబట్టి రెండో ఎంపికగా దగ్గర్లోని మామూలు లుకియోను పెట్టుకోండి. ఫారం నింపే ముందు స్కూల్లో ఓపో, అంటే చదువుల కౌన్సిలర్‌తో టైం తీసుకోండి. ఆ మీటింగ్‌లో వాడినే మాట్లాడనివ్వండి. అంతకంటే ముందు, ఈ వారాంతంలో మ్యాచ్ ఉందేమో అడిగి, మీ ఇద్దరూ వెళ్లి చూడండి.