ఓడిపోవడానికి కూడా డబ్బులిస్తారా?

ప్రశ్న: సర్, 2025లో స్నూకర్ ప్రపంచ ఛాంపియన్ అయిన చైనా కుర్రాడు జావో షింటాంగ్ అంతకు ముందు ఫిక్సింగ్ కేసులో ఇరుక్కున్నాడట, నిజమేనా? మరి ఆడనిచ్చారెందుకు? - ఓ పాఠకుడు, విజయవాడ

జవాబు: నిజమే, కానీ అతను తన మ్యాచ్ ఏదీ అమ్ముకోలేదు. బెట్టింగ్ కట్టాడు, ఇంకో ఆటగాడు ఫిక్స్ చేసిన మ్యాచ్‌లలో పాలుపంచుకున్నాడు. తప్పు ఒప్పుకున్నాడు కాబట్టి 20 నెలల నిషేధంతో బయటపడ్డాడు, అది 2024లో ముగిసింది. 2023 జూన్‌లో మొత్తం పదిమంది చైనా ఆటగాళ్లకి శిక్ష పడింది, వాళ్లలో లియాంగ్ వెన్‌బో, లీ హాంగ్‌లకైతే జీవితకాల నిషేధమే. 2021లో మాస్టర్స్ అనే పెద్ద స్నూకర్ టోర్నీ గెలిచిన యాన్ బింగ్‌టావ్‌కి ఐదేళ్లు!

ఈ ఆటలో మోసం పట్టుకోవడం మహా కష్టమండీ. ఎర్ర బంతి పాకెట్ (టేబుల్‌కి ఉండే, బంతి పడాల్సిన గుంత) అంచుకి తగిలి వెనక్కొస్తే అది టెన్షనా, కావాలని చేసిందా, టేబుల్ పక్కనున్న రిఫరీకి కూడా తెలీదు. అందుకే ఫలానా స్కోరు మీద ఉన్నట్టుండి పందేలు పెరిగాయా, ఫోన్లలో మెసేజ్‌లు ఏమున్నాయి అనే చూస్తారు. ఇక ఈ చైనా కుర్రాళ్ల సంగతంటారా, భాష సరిగా రాని ఇంగ్లండ్‌లో, ఇంటికి దూరంగా, తొలి రౌండ్‌లో ఓడితే చేతికి పెద్దగా ఏమీ రాని బతుకు, పైగా ఓడిపొమ్మని అడిగేది సొంత దేశపు సీనియరాయె. అలాగని చైనా వాళ్లందర్నీ ఒకే గాటన కట్టకండి, 2013లో 12 ఏళ్ల నిషేధం పడిన స్టీఫెన్ లీ అచ్చమైన ఇంగ్లిషువాడు.