పియానిస్ట్ అవ్వాలంటే డిగ్రీ కాదు, సైట్ రీడింగ్ కావాలి

బీటెక్ చేస్తూనే ట్రినిటీ (లండన్ ట్రినిటీ కాలేజీ సంగీత పరీక్ష) గ్రేడ్ 5 పాసయ్యాననీ, మ్యూజిక్ డిగ్రీ లేకుండా పియానో వాయించి బతకొచ్చా అనీ అడిగారు. బతకొచ్చు. చర్చిలో, హోటల్లో, రికార్డింగ్ స్టూడియోలో ఎవరూ పట్టా చూపించమనరు. ఎన్నడూ చూడని నోట్స్ (స్వరాలు రాసిన) కాగితం ముందు పెట్టి, చూస్తూనే వాయించమంటారు. సైట్ రీడింగ్ అంటే అదే. గ్రేడ్లు పాసైనవాళ్లలో చాలామంది దొరికిపోయేది అక్కడే.

ట్రినిటీ గ్రేడ్ పరీక్షలో 100 మార్కులకి 66 మూడు పీసులకే పోతాయి. 60 వస్తే పాస్. గ్రేడ్ 5 వరకు సైట్ రీడింగ్‌ని ఎంచుకోకుండానే గట్టెక్కొచ్చు. దాంతో మన ఊళ్లలో చాలా క్లాసుల్లో ఏడాదంతా ఆ మూడు పీసులే నడుస్తాయి. డిస్టింక్షన్ తెచ్చుకున్న పిల్లకి కొత్త కాగితం ఇస్తే రెండో గ్రేడ్ స్థాయి పాట కూడా తడుముకుంటుంది. తప్పు పిల్లది కాదు, సిలబస్ దాటి ఒక్క పేజీ చదివించని పద్ధతిది. తల్లిదండ్రులు అడగాల్సింది "ఏ గ్రేడ్‌కి వచ్చింది" అని కాదు, "ఈ నెలలో కొత్తవి ఎన్ని చదివింది" అని.

డిగ్రీ లేకుండా పైకొచ్చినవాళ్ల పేర్లు చెప్పేటప్పుడు సోవియట్ పియానిస్టు స్వ్యాతొస్లావ్ రిక్టర్ పేరు తప్పకుండా వస్తుంది. 1937లో మాస్కో కన్సర్వేటరీకి (సంగీత కళాశాలకి), పేరున్న పియానో గురువు హైన్రిఖ్ నైహౌస్ దగ్గరికి చేరేనాటికి ఆయనకి 22 ఏళ్లు. అంతకుముందు ఏ కన్సర్వేటరీలోనూ చదవలేదు. అయితే ఈ కథ చెప్పేవాళ్లు అసలు ముక్క వదిలేస్తారు. ఇంట్లో తండ్రి పియానిస్టు, ఆర్గన్ వాద్యకారుడు. పైగా రిక్టర్ కుర్రవాడిగా ఉన్నప్పుడే ఒడెస్సా ఒపెరాలో రిహార్సల్ పియానిస్టుగా పనిచేశాడు. ఆ పని ఎలాంటిదో ఊహించండి. వేదిక మీద గాయకులు పాత్రలు నేర్చుకుంటుంటారు. ఆర్కెస్ట్రా అంతా వాయించాల్సింది ఒక్కరే వాయించాలి. కండక్టర్ ఎక్కడైనా ఆపి, నాలుగు బార్లు (తాళపు ఆవర్తనాలు) వెనక్కి వెళ్లమంటాడు. పేజీలో ఉన్న స్వరాలన్నీ పది వేళ్లకి అందవు. అలాంటప్పుడు బాస్‌నీ తాళాన్నీ పట్టుకుని, పాడేవాళ్లకి ఆసరా అయ్యే స్వరం నిలబెట్టి, మధ్యలోవి వదిలెయ్యాలి. ఏది వదలాలో క్షణంలో తేల్చుకోవడమే ఆ విద్య. అలా రోజూ చేసినవాణ్ణి "సొంతంగా నేర్చుకున్నాడు" అనేసి ఊరుకోవడం అన్యాయం.

మీరు చెయ్యాల్సింది ఇదీ. రోజూ 15 నిమిషాలు, మీ స్థాయికి రెండు గ్రేడ్లు కిందివి, ఎన్నడూ చూడనివి తీసుకోండి. ముందు 30 సెకన్లు చూడండి: కీ సిగ్నేచర్ (పాట శ్రుతిని చెప్పే గుర్తు), తాళం, చెయ్యి స్థానం మారే చోటు. తర్వాత మెట్రోనోమ్ (తాళం కొట్టే పరికరం) 60 మీద పెట్టి మొదలుపెట్టండి. తప్పు స్వరం పడితే సరిదిద్దొద్దు, ముందుకెళ్లిపోండి. సరిదిద్దుకోవడానికి ఆగితే పాడేవాళ్లు తర్వాతి బార్‌లో ఉంటారు, మీరు వెనక మిగిలిపోతారు. కళ్లు ఒక బార్ ముందుండాలి. వేళ్లకేసి చూసే అలవాటుంటే చేతుల మీద తువ్వాలు కప్పుకోండి. చర్చి పాటల పుస్తకాల్లోని నాలుగు గొంతుల హిమ్‌లు దీనికి బంగారం. అందుకే మన దగ్గర చర్చిలో పెరిగిన కీబోర్డు వాళ్లు సెషన్లలో తొందరగా నిలదొక్కుకుంటారు.

రెండోది, శ్రుతి మార్చడం. కాగితం డి మేజర్‌లో ఉంటుంది, గాయని ఒకటిన్నర శ్రుతిలో (సి షార్ప్‌లో) వాయించమంటుంది. కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ బటన్ ఉంది, గ్రాండ్ పియానోకి లేదు. కార్డ్స్‌ని (కలిపి వాయించే స్వరాల గుంపుల్ని) పేర్లతో కాకుండా ఒకటి, నాలుగు, ఐదు అని స్థానాలతో గుర్తుపెట్టుకుని, 12 శ్రుతుల్లోనూ తిప్పండి.

61 కీల కీబోర్డు మీద మాత్రం సాధన చెయ్యకండి. 88 వెయిటెడ్ కీలు (అసలు పియానోలా బరువుండేవి) ఉండాలి. తేలిక కీలకి అలవాటుపడ్డ వేలు గ్రాండ్ మీద మెత్తగా నొక్కితే కీ కిందికి దిగుతుంది, సుత్తి మాత్రం తీగని తాకదు. నెమ్మదిగా సాగే చోట స్వరాలు మాయమవుతాయి. స్విచ్‌లా పనిచేసే పెడల్ కూడా అంతే. పెడల్‌ని సగమే నొక్కాల్సిన చోట ఎక్కడ పట్టాలో కాలికి తెలియదు, హాల్లో మోతంతా కలిసి గందరగోళమవుతుంది.

డిగ్రీ తప్పనిసరి అయ్యే చోట్లూ ఉన్నాయి. విదేశాల్లో యూనివర్సిటీలో బోధించాలన్నా, కన్సర్వేటరీలో స్టాఫ్ అకంపనిస్ట్‌గా (పక్కవాద్యం వాయించే ఉద్యోగిగా) చేరాలన్నా చాలాచోట్ల మాస్టర్స్ అడుగుతారు. సోలో కచేరీలు, అంతర్జాతీయ పోటీలు మీ లక్ష్యమైతే ఇంట్లో కూర్చుని అయ్యే పని కాదు. పట్టా కోసం కాదు, ప్రతివారం చెయ్యి చూసి సరిదిద్దే గురువు కోసం, చేంబర్ సంగీతానికి (కొద్దిమంది కలిసి వాయించేదానికి) తోటివాళ్ల కోసం, ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే అవకాశం కోసం కన్సర్వేటరీకి వెళ్లాలి. మన తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లో సంగీతం డిగ్రీ అంటే ప్రధానంగా కర్ణాటక సంగీతమే కాబట్టి, పియానోకి చెన్నైలోని కేఎం మ్యూజిక్ కన్సర్వేటరీ లాంటివి చూడండి.

ఇప్పటికిప్పుడు బీటెక్ మానక్కర్లేదు. గ్రేడ్ పరీక్షలకి వెళ్లే వయొలిన్ విద్యార్థులకి పియానో పక్కవాద్యం కావాలి, వాయించేవాళ్లు దొరక్క టీచర్లు వెతుక్కుంటుంటారు. మీ ఊళ్లో ఇద్దరు ముగ్గురు వయొలిన్ టీచర్లని కలిసి, గ్రేడ్ 3 వరకు పీసులకి వాయిస్తానని చెప్పండి. రిహార్సల్‌కీ పరీక్షకీ విడివిడిగా డబ్బు మాట్లాడుకోండి, నోట్స్ కనీసం వారం ముందు అడిగి తీసుకోండి.