ఇల్లు సరే, బిల్లు సంగతి చూశారా?

వనపర్తి నుంచి వచ్చిన అమ్మాయికి,

మీ ఉత్తరం నేను రెండుసార్లు చదివాను, మా ఆవిడ మూడుసార్లు చదివింది. ఆగస్టులో అమెరికాలోని మినియాపొలిస్ చేరామని, నాలుగేళ్ల బాబు ఉన్నాడని రాశారు. చలికాలం ఎలా గడపాలి, ఈ అద్దె ఇంటిని మన ఇల్లులా ఎలా చేసుకోవాలి, పండుగల మాటేమిటి, డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడితే మనసు ఎలా ఉంటుంది అని అడిగారు. అన్నీ చెబుతాను. ముందు నేనొకటి అడుగుతాను. ఇంటిని వెచ్చగా ఉంచే గ్యాసు బిల్లు అద్దెలోనే కలిసి ఉందా, విడిగా మీ పేరు మీద వస్తుందా?

నవ్వకండి. నాలుగు నెలల తరువాత ఈ ప్రశ్నే మిమ్మల్ని ఏడిపిస్తుంది.

వనపర్తి జిల్లా అని రాశారు. 2016లో విడదీయక ముందు అదంతా పాలమూరే, నాకు ఇప్పటికీ పాలమూరే. మనవాళ్లకు వలస కొత్త కాదు. మా తాత దసరా వెళ్లగానే గుంపు మేస్త్రి దగ్గర బయానా తీసుకుని బొంబాయి పనులకు పోయి, తొలకరికి తిరిగి వచ్చేవాడు. మూటలో మా నాయనమ్మ కట్టేవి రెండే: ఎండిన జొన్నరొట్టెలు, పల్లీల పొడి. అక్కడ డేరా వేసుకోవడమే తప్ప ఇల్లు పెట్టుకోవడం ఎరగరు. తిరిగొచ్చిన రోజు రొంటిన ఎంత ఉంటే అంతే సంపాదన. నేను కంప్యూటర్ ఉద్యోగానికి విమానం ఎక్కి వచ్చానన్న మాటే గానీ, ఆరేడేళ్లు నేనూ ఇక్కడ డేరాలోనే బతికాను. అది తెలుసుకోవడానికి నాకు ఎంత ఖర్చయిందో కూడా లెక్క ఉంది.

2004 జనవరిలో దిగాం. మా పెద్దమ్మాయికి అప్పుడు పది నెలలు. బయట సున్నాకు ఇరవై డిగ్రీలు కింద. డాలరు అప్పట్లో 45 రూపాయల చిల్లర. కంటికి కనిపించిన ప్రతిదాన్నీ 45తో గుణించేవాణ్ణి. అపార్ట్‌మెంట్ కింద నాణేలు వేసే బట్టల యంత్రాలు ఉండేవి. ఉతకడం తప్పదు, సరే. ఆరబెట్టడానికి వాయికి ఇంకో డాలరుం పావు. అంటే 56 రూపాయలు. ఆ డబ్బుతో జడ్చర్లలో బస్సెక్కి హైదరాబాదులో దిగి టీ కూడా తాగవచ్చు! పడకగదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు తాడు కట్టాను. బట్టలు లోపలే ఆరేవి. చలి వస్తుందని కిటికీ తెరిచేది లేదు. అన్నం ఆవిరి, పప్పు ఆవిరి, పాప స్నానం నీళ్ల ఆవిరి, ఈ తడి బట్టలు, అంతా ఆ ఒక్క గదిలోనే.

పొద్దున లేచేసరికి కిటికీ అద్దం మీద నీళ్లు ధారలుగా కారేవి. అడుగున చట్రం దగ్గర ఆ నీళ్లే గడ్డకట్టి ఉండేవి. మా ఆవిడ రోజూ తువ్వాలుతో తుడిచి, "ఇది మంచిది కాదేమో" అనేది. నీళ్లే కదా అన్నాను. వెచ్చటి గాలిలో ఉన్న తడి చల్లటి అద్దానికి, చల్లటి గోడకు తగిలి నీరవుతుందని తొమ్మిదో తరగతిలో చదివినవాణ్ణే. మార్చి నెలాఖరులో ఇల్లు మారుతూ మంచం జరిపాం. గోడ మీద కింది నుంచి మోకాలి ఎత్తు వరకు నల్ల నువ్వులు చల్లినట్టు బూజు. ఆ చలికాలమంతా పాపకు తగ్గని దగ్గు ఎక్కడిదో అప్పుడు అనుమానం వచ్చింది. ఇంటి యజమాని డిపాజిట్ 500 డాలర్లూ ఉంచేసుకున్నాడు. ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాను: వారానికి మూడు వాయిలు, పదకొండు వారాలు, ఆరబెట్టకుండా మిగిల్చింది 41 డాలర్ల పావు. పోయింది రూపాయల్లో 22,500.

కాబట్టి మీరు బట్టలు యంత్రంలోనే ఆరబెట్టండి. స్నానాల గదిలో ఫ్యాను స్నానం అయ్యాక కూడా కాసేపు తిరగనివ్వండి. పొయ్యి పైన ఉండే ఫ్యానును నమ్మకండి. చాలా అద్దె ఇళ్లలో అది గాలిని బయటికి పంపదు, వడపోసి మళ్లీ మన ముఖానికే కొడుతుంది. తాలింపు వేసే అయిదు నిమిషాలూ కిటికీ రెండు వేళ్ల మందం తెరవండి, ఆ మాత్రం వేడి పోతే కొంప మునగదు. పొగ అలారం మోగుతోందని దాని బ్యాటరీ మాత్రం పీకవద్దు. (నేను పీకాను. పక్కింటాయన వచ్చి మర్యాదగా చివాట్లు పెట్టి వెళ్లాడు.) గది వేడెక్కుతుందని ఓవెన్ తలుపు తెరిచి పెట్టే తెలివి కూడా నాకు ఉండేది, గ్యాసు ఓవెన్ అయితే అది ప్రాణం మీదికి తెస్తుంది. దీనికి ఎదురు కష్టం కూడా ఉంది. ఇంటిని వేడిచేసే యంత్రం, అదే ఫర్నేసు, దాని గాలి బాగా ఎండిపోతే పిల్లలకు నిద్రలో ముక్కు నుంచి రక్తం వస్తుంది. అప్పుడు ఆవిరి యంత్రం చిన్నది పెట్టుకోండి, కానీ అద్దం మీద నీళ్లు కారడం మొదలైతే ఆపేయండి. అద్దాన్ని చూసి నడుచుకుంటే వేరే కొలత పరికరం కొనక్కరలేదు.

ఇంట్లో వేడి ఎంత ఉండాలో పెట్టే థర్మోస్టాట్ సంగతి. ఇక్కడ అంకెలు ఫారెన్‌హీట్‌లో ఉంటాయి. 68 అంటే మన 20 డిగ్రీలు, అది చాలు. మొదటి ఏడాది నేను 60కి దించి, దాని పక్కన కాపలా కూర్చునేవాణ్ణి. నేను ఆఫీసుకు వెళ్లగానే మా ఆవిడ 70 చేసి, వచ్చే వేళకు మళ్లీ 60 చేసేదని పన్నెండేళ్ల తరువాత ఒప్పుకుంది. బిల్లు ఎందుకు తగ్గలేదో నాకు అప్పుడు అర్థమయింది.

అసలు దెబ్బ 2010లో తగిలింది. అప్పటికి సొంత ఇల్లు కొన్నాం. (పాలమూరు నుంచి వచ్చి ఆరేళ్లలో కొన్నాను, ఆ మాట చెప్పకుండా ఉండలేను.) డిసెంబరులో మా చెల్లెలి పెళ్లికి మూడు వారాలు ఊరికి వెళ్లాం. ఇంట్లో ఎవరూ లేనప్పుడు గాలికి వేడి ఎందుకని ఫర్నేసును 45కి దించాను. నీరు గడ్డకట్టేది 32 దగ్గర కదా, ఇంకా 13 డిగ్రీలు చేతిలో ఉన్నాయనుకున్నాను. అయితే థర్మోస్టాట్ ఉన్నది ఇంటి నడుమ. వంటింటి సింకు వెనక గొట్టం బయటి గోడలోంచి పోతుంది. అక్కడ ఎంత ఉందో దానికేం తెలుసు? నీరు గడ్డకట్టి ఉబ్బి, గొట్టం చీలింది.

తిరిగి వచ్చి తలుపు తీస్తే మొదట వాసన. కార్పెట్ మీద కాలు పెడితే నీళ్లు చీలమండ దాకా చిమ్మాయి. అలమారలో కింద పెట్టిన ఇరవై పౌన్ల సోనా మసూరి సంచి నీళ్లు తాగి ఉబ్బి, కుట్లు తెగి, లోపల బియ్యం పుల్లబడి ఉంది. మా ఆవిడ ఏమీ అనలేదు. సూట్‌కేసులోంచి అమ్మ పంపిన సజ్జపిండి తీసి పై అరలో పెట్టింది, అంతే. ఇన్సూరెన్సు వాళ్లు మొదట అడిగింది, ఇంట్లో వేడి ఎంత ఉంచి వెళ్లారని. నిజం చెప్పాను. తరువాత ఏమయిందో మీరే ఊహించండి. మూడు వారాల్లో గ్యాసు మీద మిగిలింది మహా అయితే 60 డాలర్లు. వంటింటి నేల, గోడ, అలమారలు కలిపి 7,000 దాటింది. ఊరికి వెళితే 55 కంటే దించవద్దు, ప్రధాన నీటి కుళాయి కట్టేయండి, తాళం ఒకటి తెలిసినవాళ్లకు ఇచ్చి వెళ్లండి. అద్దె ఇల్లయినా సరే.

ఆ ఏడాది నుంచి మా ఇంట్లో పనులన్నీ కాలాన్ని బట్టి జరుగుతాయి. ఏ పనికైనా ఒక నెల ముందు పది డాలర్లు అయ్యేది, ఒక నెల ఆలస్యమయితే వందలు అవుతుంది. ఊళ్లో బాలానగర్ సీతాఫలాలు రోడ్డు పక్క గంపల్లోకి వచ్చే రోజుల్లో ఇక్కడ ఫర్నేసు ఫిల్టరు మార్చి ఒక పూట నడిపి చూస్తాను. అదేదో అక్టోబరు చివర చూద్దామని ఆగితే, మొదటి చలి రాత్రే ఇక్కడ అందరికీ ఫర్నేసు బాగుచేసే మనిషి కావలసి వస్తాడు. అక్టోబరు మొదట్లో తొలి మంచు పడే రాత్రి గోంగూర కుండీల మీద పాత దుప్పటి కప్పి ఇంకో వారం కోసుకుంటాం. దీపావళి వెళ్లి అక్కడ కురుమూర్తి జాతర సందడిగా ఉండే రోజులకు అటూ ఇటూగా ఇక్కడ నవంబరు మొదటి ఆదివారం గడియారం గంట వెనక్కి పోతుంది. ఆ ఆదివారం కిటికీలకు పల్చటి ప్లాస్టిక్ పొర అంటించడం మా ఇంట్లో ఆనవాయితీ. చుట్టూ రెండు వైపులా అంటుకునే టేపు వేసి, పొర పరిచి, జుట్టు ఆరబెట్టే యంత్రంతో వేడిగాలి కొడితే ముడతలన్నీ పోయి డప్పు తోలులా బిగుసుకుంటుంది. మా పిల్లలు చిన్నప్పుడు వేలితో కొట్టి వాయించేవారు. మీ బాబుకూ ఆ పని అప్పగించండి. ఆ పొర ఖరీదు చెప్పమంటారా? వద్దులెండి, మా ఆవిడ కళ్లెర్రజేస్తోంది.

చలికాలంలో పెరుగు తోడుకోదు. రాత్రి ఓవెన్ వెలిగించకుండా లోపలి దీపం మాత్రం వేసి గిన్నె అందులో పెట్టండి, తెల్లవారేసరికి గడ్డ పెరుగు. దోసెల పిండికీ అదే మార్గం.

బట్టలు: ఈ ఏడాదికి బాబుకు జాకెట్, బూట్లు ఇప్పుడే కొనక తప్పదు. వచ్చే ఏడాదివి మాత్రం ఫిబ్రవరి చివర, దుకాణాలు చలి సరుకు వదిలించుకునేటప్పుడు ఒక సైజు పెద్దవి కొనండి. ఈ మిన్నెసోటా రాష్ట్రంలో బట్టల మీద అమ్మకం పన్ను లేదు, అది మన అదృష్టం. నాలా మూడు సైజులు పెద్దది కొనకండి. మా అబ్బాయి బడి ఫొటోల్లో రెండేళ్లపాటు చేతులే కనిపించవు.

మీరు ఉద్యోగం చేయవచ్చా లేదా అన్నది మీ వీసాను బట్టి ఉంటుంది, మీ వారి ఆఫీసు లాయరును అడగండి. బడికి టీకాల కాగితాలు, లైసెన్సు, ఇంటి ముందు మంచు ఎన్ని గంటల్లో ఎత్తాలో మీ నగరం నిబంధన, అన్నీ ప్రభుత్వ వెబ్‌సైట్లలో ఉన్నాయి. మీ తరానికి నేను చెప్పాలా.

ఇక చీకటి. డిసెంబరులో పగలు తొమ్మిది గంటలు కూడా ఉండదు, నిజమే. ఇంట్లో దీపాలన్నీ వేసుకోండి, ఇప్పుడొచ్చే బల్బులకు కరెంటు పెద్దగా కాలదు. ఇంతవరకు రాసి చూపిస్తే మా ఆవిడ కాగితం లాక్కుంది. "ఆ పిల్ల అడిగింది బల్బుల గురించి కాదు" అంది. మరి దేని గురించి అన్నాను. "నాలుగున్నర నుంచి మీరు ఇంటికొచ్చే ఏడింటి దాకా నేనేం చేశానో ఎప్పుడైనా అడిగారా?" అంది. ఇరవై ఏళ్లలో అడగలేదు. ఇప్పుడు అడిగాను. పాపను చంకనేసుకుని కింద బట్టల యంత్రాల గదికి వెళ్లి కూర్చునేదట. అక్కడ వెచ్చగా ఉండేదట, ఎవరో ఒకరు వచ్చేవారట. నారాయణపేట దగ్గరి ఊరి ఆమె ఒకావిడ అక్కడే పరిచయమయింది, ఆ స్నేహం ఇప్పటికీ ఉంది. నేను ఆదా చేయమన్న గది అది.

అందుకని ఆవిడ చెప్పమన్నవి రాస్తున్నాను. గ్రంథాలయం కార్డు తీసుకోండి, చిన్నపిల్లలకు కథలు చెప్పే గంట ఉంటుంది, అక్కడ తల్లులు దొరుకుతారు. (డబ్బు కట్టనక్కరలేదు. ఇది నేను చేర్చాను.) వారంలో ఒక సాయంత్రం ఎవరినైనా రొట్టెలకు పిలవండి, జొన్నరొట్టె, పల్లీల పచ్చడి, వంకాయ కూర చాలు, విందు చేయబోయి అలిసిపోతే రెండోసారి పిలవరు. మా ఇంట్లో అది శుక్రవారం. సంక్రాంతి ముందు భోగి నాడు నువ్వులద్దిన సజ్జరొట్టెలు, ఆ రోజు బయట ఎంత చలి ఉన్నా నాలుగు కుటుంబాలూ వస్తాయి, చెప్పుల స్థానంలో గుమ్మంలో మంచు బూట్ల కుప్ప.

బతుకమ్మకు తంగేడు దొరకదు. బంతి దొరుకుతుంది. ఇక్కడి నర్సరీల్లో సెలోసియా అని అమ్మేది మన గునుగుకు దగ్గరి చుట్టమే. మా ఆవిడ ఏటా ఏప్రిల్‌లో కిటికీ దగ్గర చిన్న కుండీల్లో విత్తనం వేసి, మే నడిమికి మంచు భయం పోయాక పెరట్లో నాటుతుంది. ఎంగిలిపూల నాటికి పూస్తుంది. తొలి మంచు తొందరపడిన ఏడాది సద్దుల దాకా నిలవదు, అప్పుడు ముందురోజే కోసి నీళ్లలో పెడుతుంది. అపార్ట్‌మెంట్‌లో ఉన్నా బాల్కనీలో రెండు కుండీలకు ఎండ తగిలితే చాలు.

ఈ ఏడాది పూలు మా పెరటివే తీసుకోండి, వచ్చే ఏటికి విత్తనాలు ఇస్తుందట. ఆవాలకంటే చిన్నవి, నల్లగా మెరుస్తుంటాయి, కవరు తెరిచేటప్పుడు తుమ్మకండి. వచ్చేటప్పుడు మీ గ్యాసు బిల్లు ఒకటి పట్టుకు రండి, ఏడాది మొత్తాన్ని పన్నెండు సమాన వాయిదాలుగా కట్టే పద్ధతి ఒకటుంది, కూర్చుని చూద్దాం.