టెక్ సందేహాలు: సముద్రపు దొంగల గేమ్‌కి రివ్యూలు రెండు రకాలు... ఏది నమ్మాలి?

ప్రశ్న: పీసీ గేములు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో ‘రైజన్ 2: డార్క్ వాటర్స్’ డిస్కౌంట్‌లో కనిపించింది. రివ్యూలు చూస్తే ఒకరు ఆకాశానికెత్తారు, ఇంకొకరు డబ్బు దండగ అన్నారు. పైరేట్ కథలంటే ఇష్టం. పీసీలో ఆడతాను. కొనొచ్చా?

కొనొచ్చు. కానీ ఓడ నడుపుదామన్న ఆశతో మాత్రం వద్దు.

ముందు రివ్యూల సంగతి. జర్మనీకి చెందిన పిరాన్హా బైట్స్ ఈ గేమ్‌ను 2012 ఏప్రిల్‌లో పీసీకి తెచ్చింది. ఎక్స్‌బాక్స్ 360, ప్లేస్టేషన్ 3 కన్సోళ్ల వెర్షన్లు కొన్ని నెలల తర్వాత వచ్చాయి. వాటి పని వేరే స్టూడియో చేసింది. పీసీ వెర్షన్‌కి మార్కులు ఓ మోస్తరుగా పడ్డాయి. కన్సోల్ వెర్షన్‌ని మాత్రం విమర్శకులు ఉతికి ఆరేశారు. గ్రాఫిక్స్ మసకబారాయని, నడుస్తుంటే కళ్లెదుటే చెట్లు మొలుచుకొస్తున్నాయని మండిపడ్డారు. సెర్చ్ చేస్తే ఈ రెండు రకాల రివ్యూలూ ఒకే పేరుతో కలిసి వస్తాయి. మీది పీసీ కాబట్టి కన్సోల్ రివ్యూలను పూర్తిగా పక్కన పెట్టేయండి.

మిగిలిన వాటిలో తేదీ చూడండి. విడుదలైనప్పుడు ఎక్కువ తిట్లు ఫైటింగ్ మీదే పడ్డాయి. అడవిలో జంతువు మీదికి దూకితే కత్తితో అడ్డుకోవడం కుదరదు, పక్కకు తప్పుకునే వీలూ లేదు. దెబ్బలు తింటూ క్లిక్ చేస్తూ పోవడమే. తర్వాత వచ్చిన ప్యాచ్‌లో (లోపాలు దిద్దే అప్‌డేట్‌లో) దొర్లి తప్పించుకునే సౌకర్యం కలిపారు. ఫైటింగ్ దాంతో గొప్పగా ఏమీ మారలేదు, భరించగలిగేలా అయిందంతే. అయినా మొదటి వారంలో రాసిన రివ్యూకీ, ఇప్పుడు మీరు ఇన్‌స్టాల్ చేసే గేమ్‌కీ ఆ మేరకు తేడా ఉంది.

ఇక ఏ ప్యాచూ సరిచేయనిది ఒకటుంది. కథలో మీకు ఓడ దక్కుతుంది, సిబ్బంది ఉంటారు, కెప్టెన్ మీరే. చుక్కాని మాత్రం మీ చేతికి రాదు. మ్యాప్‌లో దీవిని ఎంచుకుంటే అక్కడ తేలతారు. ఫిరంగులతో ఓడల యుద్ధం అసలే లేదు. సముద్రపు దొంగల గేమ్‌లో సముద్రం లేకపోవడం ఏమిటని చాలామంది పెదవి విరిచారు. వాళ్ల కోపంలో న్యాయం ఉంది. నా దృష్టిలో ఫైటింగ్ కన్నా పెద్ద లోపం ఇదే.

మరి మెచ్చుకున్నవాళ్లు దేన్ని చూసి మెచ్చుకున్నారు? ఇందులో ఊరికే ఏ విద్యా రాదు. తాళాలు తీయడం, జేబులు కొట్టడం, కత్తిసాములో కొత్త పట్టు, ఏది కావాలన్నా నేర్పేవాణ్ని వెతికి బంగారం చెల్లించాలి. ఆ బంగారం ఎప్పుడూ చాలదు. దాంతో కాసేపటికి కనిపించిన ప్రతి గుడిసెలో దూరి పెట్టెలు తెరవడం మొదలుపెడతారు. కథ చెప్పిందని కాదు, చేతిలో చిల్లిగవ్వ లేక! దొంగగా మార్చే ఈ పద్ధతి ఖరీదైన గేముల్లో కూడా అరుదు. చిన్న సందులోంచి కోతిని పంపి వస్తువు కొట్టేయించొచ్చు. వూడూ అనే మంత్రవిద్య దారి ఎంచుకుంటే ఇంకా తమాషా: బొమ్మ సాయంతో ఎదుటి మనిషినే ఆడిస్తారు. మిమ్మల్ని గుమ్మం దగ్గరే ఆపేసే చోటికి అతని కాళ్లతో నడిచి వెళ్లి, అతని నోటితో మాట్లాడి పని చక్కబెట్టుకుంటారు. వూడూ వద్దనుకుంటే కథలోని ఇంక్విజిషన్ అనే అధికార వర్గం వైపు చేరి మస్కెట్లు (పొడవాటి తుపాకులు) పట్టుకోవచ్చు. రెండూ ఒకే ఆటలో కుదరవు.

కాబట్టి తిట్టినవాళ్లూ మెచ్చినవాళ్లూ అబద్ధం చెప్పలేదు. మీకు దీవులు తిరిగి, మనుషులతో బేరాలాడి, మోసాలు చేయడం ఇష్టమా, ఫిరంగులు పేల్చడం ఇష్టమా అన్నదాన్ని బట్టి తేల్చుకోండి. కొంటే మాత్రం తరచూ సేవ్ చేసుకుంటూ ఆడండి.

ప్రశ్న: కొని ఆడి చూస్తాను, నచ్చకపోతే రిఫండ్ అడుగుతాను. సరిపోతుందా?

స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, ఆడిన సమయం 2 గంటలు దాటకపోతే రిఫండ్ వస్తుంది. ఈ గేమ్ విషయంలో చిక్కేమిటంటే, మొదటి రెండు గంటలే అన్నిటికన్నా నీరసం. హీరోకి ఏమీ చేతకాదు, జేబులో బంగారం ఉండదు, ప్రతి పోరులోనూ దెబ్బలే. అక్కడ ఆగితే నచ్చకపోవడానికే అవకాశం ఎక్కువ.

అంతకన్నా నమ్మకమైన దారి చెబుతాను. స్టీమ్ యూజర్ రివ్యూల్లో ఒక్కొక్కరు ఎన్ని గంటలు ఆడారో కనిపిస్తుంది, దాన్ని బట్టి ఫిల్టర్ కూడా చేసుకోవచ్చు. ఎక్కువ గంటలు ఆడి కూడా ‘వద్దు’ అన్నవాళ్ల రివ్యూలు మాత్రం ఏరి చదవండి. గంట ఆడి కోపంతో రాసినదానికన్నా, పూర్తిగా ఆడినవాడి ఫిర్యాదులోనే గేమ్ గురించి ఎక్కువ తెలుస్తుంది. ఆ ఫిర్యాదులు మీకు పట్టనివైతే ధైర్యంగా కొనేయండి.

ప్రశ్న: ఓడ నేనే నడపాలి, ఆర్పీజీ (పాత్రను పెంచుకుంటూ కథ నడిపే గేమ్) కూడా కావాలి. ఏదైనా ఉందా?

రష్యాకు చెందిన అకెల్లా గేములు చూడండి. 2000లో వచ్చిన ‘సీ డాగ్స్’తో మొదలైన వరస ఇది. దాని రెండో భాగంగా తయారైన గేమ్‌నే సినిమా విడుదలకు తగ్గట్టు పేరు మార్చి 2003లో ‘పైరేట్స్ ఆఫ్ ద కరీబియన్’గా వదిలారు. అందులో సినిమా కథ వెతికినవాళ్లకు నిరాశే మిగిలింది. కానీ గాలివాటం చూసుకుని తెరచాపలు సర్దుతూ ఫిరంగులు పేల్చడం మాత్రం అచ్చంగా ఉంటుంది. దాన్ని అభిమానులు ‘న్యూ హొరైజన్స్’ అనే మోడ్‌తో (తాము తయారుచేసిన మార్పులతో) ఎంతో పెంచారు. అదే వరసలో తర్వాత వచ్చిన ‘సీ డాగ్స్: టు ఈచ్ హిజ్ ఓన్’ స్టీమ్‌లో చూడొచ్చు. కష్టంలో కనికరం లేదు, ఇంగ్లిష్ అనువాదం గరుకుగా ఉంటుంది.

అంత ఓపిక లేదంటే ‘పిల్లర్స్ ఆఫ్ ఎటర్నిటీ 2: డెడ్‌ఫైర్’ (2018) ప్రయత్నించండి. ఓడల పోరు అక్కడ వాక్యాలు చదివి ఆదేశాలిచ్చే పద్ధతిలో సాగుతుంది. అది విసుగనిపిస్తే ఎదుటి ఓడకు దగ్గరగా వెళ్లి, నేరుగా దాని మీదికి ఎక్కేయొచ్చు.